ఏడ్పు నేర్పిన మేడం

రెండు వేల పంతొమ్మిది జూలైలో నన్ను పాన్‌గల్ నుంచి గద్వాల పట్టణ సెక్టారుకు బదిలీ చేశారు. శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్ ఉద్యోగం నాది. పేరు వింటే పెద్ద పదవిలా ఉంటుంది. మా పైన ప్రాజెక్టు అధికారిణి, మా కింద అంగన్‌వాడీ టీచర్లు, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కల్లా మేం. కొన్ని కేంద్రాలు కలిపి ఒక సెక్టారు. ఆ కేంద్రాల్లో పిల్లలు పెరిగితే టీచరు బాగా పనిచేసినట్టు, పెరగకపోతే సూపర్‌వైజర్ సరిగా చూడనట్టు. అదీ లెక్క.

పాన్‌గల్‌లో నా తిరుగుడంతా చేల గట్ల మీదే సాగింది. తల్లులు కలుపు తీస్తుంటే పిల్లలు గట్టున పడుకునేవాళ్లు. పాలివ్వమని చెప్పడానికి తల్లిని వెతుక్కుంటూ పత్తి చేలో సగం దూరం నడవాల్సి వచ్చేది. గద్వాల నేతగాళ్ల వీధుల్లో అడుగు పెట్టినప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది. తల్లి ఇంట్లోనే ఉంది, పిల్ల ఇంట్లోనే ఉంది, మగ్గమూ ఇంట్లోనే ఉంది. ఇక్కడ నాకు పనేముంటుందిలే, రిటైరయ్యేదాకా కాలు మీద కాలేసుకుని కూచోవచ్చు అనుకున్నాను. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

ఆగస్టు బరువుల రోజున శ్యామల అనే టీచరు ఒక చార్టు నా ముందు పెట్టింది. పిల్లల బరువును ప్రతి నెలా తూచి చార్టులో చుక్క పెట్టి, పాత చుక్కతో కలుపుతాం. గీత పైకి పోతుంటే పిల్ల పెరుగుతోందని అర్థం. నేలకు పరిచినట్టు అడ్డంగా పోతే మాకు గుబులు మొదలవుతుంది. అలా రెండో నెల కూడా సాగితే గీత ఆకుపచ్చ పట్టీలోంచి పసుపులోకి, అక్కడి నుంచి ఎరుపులోకి జారుతుంది. శ్యామల చూపించిన గీత మొదట మెట్లెక్కినట్టు ఎక్కి, ఆఖరి నెలలో చతికిలబడింది.

"కుర్మయ్య తాత మనుమరాలు మేడం. ఏం బీమారి లేదు. జర మీరే చూడున్రి," అంది శ్యామల.

కుర్మయ్య గద్వాల చీరలు నేసే ఇంటి పెద్ద. భార్య ఈశ్వరమ్మ, కొడుకు రాఘవేందర్, కోడలు మంజుల. తొలికాన్పు కనుక ఆనవాయితీ ప్రకారం మంజుల వడ్డేపల్లిలోని పుట్టింట్లో పురుడు పోసుకుంది. అక్కడున్న రెండు నెలల్లో పాప బొద్దుగా తయారైంది. ఇంతలో కుర్మయ్యకు పెళ్లి చీరల ఆర్డరు వచ్చింది. కండెలు చుట్టడానికి, అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుట్టడానికి, ఇంట్లో ఇంకో చెయ్యి కావాల్సి వచ్చింది. మూడో నెలకే కోడల్ని పిలిపించుకున్నారు. గీత చతికిలబడింది సరిగ్గా ఆ నెలలోనే.

నేను ఆ ఇంటికి వెళ్లేసరికి కుర్మయ్య మగ్గం గుంటలో కూచుని నేస్తున్నాడు. విషయం చెప్పగానే చెయ్యి ఆపకుండానే తీర్పు ఇచ్చేశాడు.

"మీ కాటా తప్పు మేడం. సర్కారు కాటా గద. పిల్ల మంచిగున్నది. ఏడ్వనే ఏడ్వది. గసుంటి పిల్ల ఈ గల్లీలనే లేదు."

నేను బతుకంతా ఆ కాటాతోనే వేగినదాన్ని. దాన్ని నేను తిట్టొచ్చు గాని వేరేవాళ్లు అంటే ఊరుకుంటానా? మీ దగ్గర ఇంతకంటే మంచి కాటా ఉంటే తీయమన్నాను. ఉండనే ఉంది. నేతగాళ్లు పట్టునూ జరీనీ తూకానికి తెచ్చుకుంటారు, చీర అయ్యాక మళ్లీ తూకానికే అప్పజెప్పాలి. అందుకని ఆ ఇంట్లో నూలు తూచే పెద్ద త్రాసు ఒకటి దూలానికి వేలాడుతోంది. కుర్మయ్య దాన్ని తుడిచి, తట్టలో మెత్తటి బొంత పరిచి, ముందు బొంత బరువు తూచి పక్కన పెట్టాడు. తర్వాత పాపను పడుకోబెట్టి ఒక్కో రాయీ వేస్తూ పోయాడు. పాప నిద్రలోనే తూగింది. రెండు కాటాలూ ఒకే మాట చెప్పాయి. ఆయన మళ్లీ రాళ్లు దించి, మళ్లీ వేసి చూసుకున్నాడు.

"పట్టు తూకం అబద్ధమాడది," అన్నాడు చివరికి, ముఖం చిన్నబుచ్చుకుని.

అప్పుడు ఈశ్వరమ్మ అందుకుంది.

"నేను ముందు నుంచి అంటనే ఉన్న. మా కోడలికి పాలు లేవు మేడం. పుట్టింట్ల ఉండె, ఈడికొచ్చినంక ఎండినయ్. పాల డబ్బా తెప్పిచ్చిన. ఐతారం మంచి రోజు. ఆ దినం మూత తీస్త."

అటక మీద పాలపొడి డబ్బా, పక్కన కొత్త సీసా కనిపించాయి. ఆ డబ్బా మూత తీస్తే ఏమవుతుందో ఈ ఉద్యోగంలో చాలా ఇళ్లలో చూశాను. సీసా పాలతో కడుపు నిండితే పిల్ల రొమ్ము తక్కువ చీకుతుంది. చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి. నెల తిరిగేసరికి అత్త మాటే నిజమై కూచుంటుంది. పైగా సీసా సరిగా మరిగించకపోతే విరేచనాలు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని మేం గొంతు చించుకునేది అందుకే.

మంజుల ఒక మూల కండెలు చుడుతూ కూచుంది. ఇవతలికి పిలిస్తే వచ్చి, తల దించుకుని మెల్లగా అడిగింది.

"నాకు పాలున్నయా లేవా మేడం? మీరే చెప్పున్రి. వడ్డేపల్లిల రవిక తడుస్తుండె. ఇప్పుడు గట్ల లేదు. అత్తమ్మ అన్నది నిజమేనా?"

ఇరవై ఏళ్ల పిల్ల. పాలు లేనిదానివి అని నలుగురిలో అనిపించుకోవడం ఎంత నొప్పో ఆమె గొంతులో తెలిసింది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ ఆదివారం లోపల సంగతేమిటో తేల్చాలనుకున్నాను. చేతిలో ఉన్నది వారం కంటే తక్కువ.

ముందు దవాఖానకు పంపాను. మా పద్ధతి అదే. ఎదుగుదల ఆగితే మొదట జబ్బు లేదని డాక్టరు చెప్పాలి. పిల్లల డాక్టరు గుండె, ఊపిరి, నోరు అన్నీ చూసి, పిల్లకేమీ లేదు, బాగానే చీకుతోంది, తల్లిపాలే పట్టించండి అని పంపేశారు. ఇక మిగిలింది ఇల్లు. నా అనుమానమంతా ఈశ్వరమ్మ మీదకు పోయింది. అత్తల మీద అనుమానపడటం మా శాఖలో జబ్బు. తేనె నాకిస్తోందేమో, వస కొమ్ము అరగదీసి పోస్తోందేమో, చక్కెర నీళ్లు పడుతోందేమో అని గిన్నెలు, గ్లాసులు చూశాను. ఒక సానరాయి కూడా ఎత్తి వాసన చూశాను.

"గది గంధం రాయి మేడం. దేవునికి," అంది ఈశ్వరమ్మ.

కోడలికి తిండి తక్కువ పెడుతోందేమోనని మరో దారిలో వచ్చాను. మధ్యాహ్నం కేంద్రంలో బాలింతలకు పెట్టే భోజనం తిన్నాక కూడా ఇంట్లో రొట్టె, పప్పు, గుడ్డు పెడుతోందట. కొడుకు రాఘవేందర్ పక్క నుంచి, తనకు గుడ్డు పెట్టి నెలయిందని నాకు ఫిర్యాదు కూడా చేశాడు. ఈశ్వరమ్మ మంచి అత్తే. నాకే కాస్త నిరాశ కలిగింది.

మంజులను మేం ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగాను. పాప ఏడ్చినప్పుడల్లా పాలిస్తున్నావా?

"ఇస్తున్న మేడం. ఏడ్చినప్పుడల్లా ఇస్తున్న. పని ఇడిసిపెట్టి ఇస్తున్న."

ఒట్టు పెట్టుకుని చెప్పింది. అబద్ధం కాదని ముఖమే చెబుతోంది. నేను తల ఊపి వచ్చేశాను. ఆ ప్రశ్న శ్యామలా అడిగింది, నేనూ అడిగాను, దవాఖానలో నర్సూ అడిగిందట. ముగ్గురికీ ఒకే జవాబు వచ్చింది, ముగ్గురమూ తృప్తిపడ్డాం.

మా శిక్షణలో ఒక మాట గట్టిగా చెప్పేవాళ్లు. తల్లి పాలివ్వడాన్ని మొదలు నుంచి చివరిదాకా కళ్లతో చూడాలని. నేను వెళ్లినప్పుడల్లా పాప తొట్టెలలో, అదే ఉయ్యాలలో, నిద్రపోతూ కనిపించేది. కాసేపు చూసి లేచి వచ్చేదాన్ని. శనివారం పొద్దున్నే వెళ్లి, పాప లేచి పాలు తాగేదాకా కదిలేది లేదని చెప్పి గోడకు ఆనుకుని కూచున్నాను. ఈశ్వరమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఈమె ఇప్పట్లో పోయే రకం కాదని జొన్నరొట్టె, పుంటికూర పప్పు ముందు పెట్టింది. ఆ పప్పు రుచి ఇప్పటికీ మరచిపోలేదు. వద్దు వద్దంటూనే ఇంకో రొట్టె వేయించుకున్నాను.

మగ్గం నడుస్తోంది. తెల్లవారి నుంచి నేసిన కుర్మయ్య లేవగానే రాఘవేందర్ గుంటలో దిగాడు. ఇలా ఒకరి తర్వాత ఒకరు, మగ్గం మాత్రం ఆగదు. ఒకటే లయ. నాడె అటు పోతుంది, ఊగే చట్రం వచ్చి పేకను దగ్గరికి కొడుతుంది, నాడె ఇటు వస్తుంది, చట్రం మళ్లీ కొడుతుంది. తొట్టెల పక్కనే ఊగుతోంది. కడుపులో రొట్టెలు, చెవుల్లో టక్కు టక్కు. నా కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో నాకు తెలియదు.

బస్సు ఆగితే మెలకువ వచ్చినట్టు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. మగ్గం ఆగింది. పడుగులో పోగు తెగిందని రాఘవేందర్ వంగి ముడి వేస్తున్నాడు. సరిగ్గా అదే క్షణంలో తొట్టెలలో పాప కూడా కళ్లు తెరిచి, పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడుపు అందుకుంది. పాపా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. తనకూ నాకూ నిద్ర చెడింది ఒకే కారణం వల్లనని ఆ చూపులోనే అర్థమైంది.

మంజుల పరుగున వచ్చి పాపను ఒడిలోకి తీసుకుంది. నేను దగ్గర కూచుని చూశాను. నోరు పెద్దగా తెరిచి పట్టింది, బుగ్గలు నిండాయి, గుటక వేస్తున్న చప్పుడు వినబడింది. పెదవి చివర నుంచి పాలు కారాయి. పాలు లేకపోవడమేమిటి, ఆ పిల్ల ఊపిరి తిప్పుకోలేకపోతోంది. ఒక పక్క సగం తాగిందో లేదో, ముడి పడింది, మగ్గం మొదలైంది. ఈశ్వరమ్మ ఏడుపు ఆగింది కదా అని పాపను అందుకుని తొట్టెలలో వేసేసింది. వేసిన పాప వేసినట్టే కళ్లు మూసింది.

అప్పుడు చూశాను తాడు. తొట్టెల అన్నాక తాడు ఉంటుంది, ఎవరో లాగుతుంటారు. ఇన్నిసార్లు వచ్చినా దాని రెండో కొస ఎక్కడుందని నేను చూడలేదు. అది మగ్గం మీద ఊగే చట్రానికి కట్టి ఉంది. చట్రం పేకను కొట్టినప్పుడల్లా తొట్టెల ఒక ఊపు ఊగుతోంది. మనిషి ఊపితే చెయ్యి నొచ్చి ఎప్పుడో ఆపుతాడు. మగ్గం ఎందుకు ఆపుతుంది?

నేను తాడు పట్టుకుని అడిగితే కుర్మయ్య మీసం దువ్వాడు.

"మా ఇంటి ఆనవాయితి మేడం. మా నాయిన నన్ను గీ తీర్గనే ఊపిండు. నేను రాఘవను ఊపిన. ఒక చేత నేత, ఒక చేత పిల్ల. మనిషి ఖర్సు లేదు."

మరి మీరంతా ఎలా పెరిగారు అన్నాను. నిజంగానే నాకు అంతుబట్టలేదు. తండ్రీ కొడుకులిద్దరూ దిట్టంగా ఉన్నారు. జవాబు ఈశ్వరమ్మ దగ్గర్నుంచి వచ్చింది, నవ్వుతూ.

"ఈయన గంటకొక తూరి బీడీకి లేస్తుండె మేడం. మగ్గం ఆగంగనే రాఘవ లేస్తుండె. నేను పాలిస్తుంటి. ఇప్పుడు బీడీ బంద్ చేసిండు గద. కోడలు కడుపుతో ఉన్నప్పుడు మీ టీచరమ్మే వచ్చి, ఇంట్ల పొగ ఉండొద్దని మాన్పిచ్చింది."

శ్యామల అక్కడ లేదు కనుక బతికిపోయింది. తర్వాత చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేం మాన్పించింది బీడీనే. దానితో పాటు పిల్లకు పాలు తాగే వేళ కూడా పోతుందని ఏ శిక్షణలో చెబుతారు? దానికి తోడు పెళ్లి ఆర్డరు కోసం ఇద్దరు మగవాళ్లు వంతులు వేసుకుని రాత్రి పొద్దుపోయేదాకా నేస్తున్నారు. మంజుల ఏడ్చినప్పుడల్లా పాలిస్తోంది. నిజమే. ఆ మగ్గం మీద పిల్లకు ఏడ్చే సందు ఎక్కడిది? పోగు తెగాలి, లేదా కరెంటు పోయి చీకటవ్వాలి. అడగని పిల్లకు పాలు పట్టక, చీకేవాళ్లు లేక పాలు కూడా తగ్గుముఖం పట్టాయి.

ఇంత చెప్పినా కుర్మయ్య నమ్మలేదు. నేను తాడు విప్పి, పాపను గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, రాఘవేందర్‌ను మగ్గం నడపమన్నాను. నడిపాడు. చప్పుడు అదే, ఊపు లేదు. కాసేపటికే పాప కదిలింది, మూతి చప్పరించింది, తల అటూ ఇటూ తిప్పింది, ఆ తర్వాత వీధి వినేలా ఏడ్చింది. మంజుల రెండు పక్కలా పాలిచ్చింది. ఈసారి పాప తనంతట తానే వదిలి, తాగినవాడిలా తల వాల్చేసింది. మంజుల నావైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. "ఉన్నయి మేడం," అంది. అంతే. ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. కాని అత్తగారి ముందు అధికారం నిలుపుకోవాలి కనుక గట్టిగా దగ్గి ఊరుకున్నాను.

తర్వాత బేరం సాగింది. డబ్బా మూత తీయడం మళ్లీ బరువు తూచేదాకా ఆపాలి. తాడు కట్టకూడదు. అసలు ఊగే చట్రానికి పసిపిల్లను కట్టడమే ప్రమాదం, తాడు జారినా, తొట్టెల వచ్చి చెక్కకు కొట్టుకున్నా ఏమవుతుందో చెప్పాను. పగలు రెండు మూడు గంటలకు మించి పాప పాలు లేకుండా ఉండకూడదు, నిద్రపోతుంటే లేపాలి. అరికాలు రాయాలి, కప్పింది తీయాలి, అయినా లేవకపోతే బట్ట మార్చాలి. రాత్రి కూడా మధ్యలో లేపి పట్టాలి.

"నిద్రపొయ్యే పిల్లను లేపుతరా? పాపం తగలదా?" అంది ఈశ్వరమ్మ.

"నాకు తగలనీ," అన్నాను.

మగ్గం లెక్కలోకే దింపాను కుర్మయ్యను. నేసిన బట్టను చుట్టడానికి మగ్గాన్ని ఎలాగూ మధ్యమధ్య, పాప లేచేంత సేపు కాకపోయినా, ఓ నిమిషం ఆపాల్సిందే. అలా ఆపినప్పుడల్లా మంజుల కండెలు వదిలి పాపను లేపాలి. ఆ సంగతి ఆయనకు నచ్చింది. పని వేళకు పని, పిల్ల వేళకు పిల్ల. అయితే చీర ఆలస్యమవుతుందని గొణిగాడు. పెళ్లికూతురు ఆగుతుంది, మూడు నెలల పిల్ల ఆగదు అన్నాను.

ఐతారం వచ్చింది, డబ్బా మూత తెరుచుకోలేదు. పాప నోరు మాత్రం తెరుచుకుంది. నెల రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఆ వారంలోనే ఏడ్చింది. పక్కింటివాళ్లు వచ్చి పరేషానుగా అడిగారట, ఏమైంది ఈశ్వరమ్మా, బంగారమసుంటి పిల్ల గిట్లెందుకు ఏడుస్తుంది అని. ఈశ్వరమ్మ ఏం చెప్పిందో నేను వీధిలో అడుగు పెట్టగానే తెలిసింది. అరుగు మీద కూచున్న ఆడవాళ్లు నన్ను చూసి ఒకరినొకరు పొడుచుకున్నారు.

"గామెనే. కుర్మయ్య మనుమరాలికి ఏడ్పు నేర్పిచ్చిన మేడం."

ఇంట్లోకి పోతే కుర్మయ్య నేరుగా అన్నాడు. "మేడం, ఏడ్చుడైతె నేర్పిన్రు. ఆపేది గిట్ల ఏమన్న నేర్పిపోతరా?"

పాలిస్తే ఆగుతుంది అన్నాను. ఆయన కోడలివైపు చూసి, చేతిలో నాడె పక్కన పెట్టి, లేచి బయటికి వెళ్లాడు. బీడీకి కాదు, వేరుశనగ గింజలు నములుతూ అరుగు మీద కూచోవడానికి. మగ్గం ఆగింది. మంజుల పాపను అందుకుంది.

తర్వాతి బరువుకు నెల దాకా ఆగలేదు. ఎదుగుదల ఆగిన పిల్లను మధ్యలోనే తూచాలి. రెండు వారాలు గడిచాక కాటా పట్టుకుని వెళ్లాను. కుర్మయ్య నా కాటాను చూడను కూడా చూడలేదు. త్రాసు ముందే తుడిచి, బొంత పరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఈసారి పాప మెలకువగా ఉంది. తట్టలో వేయగానే కాళ్లు తన్నుతూ, గొంతెత్తి ఏడుస్తూ త్రాసునంతా ఊపేసింది. ఆయన ఒక చేత్తో త్రాసు పట్టుకుని, ఒక చేత్తో రాళ్లు వేశాడు. పాత రాళ్లు చాల్లేదు. ఇంకోటి వేశాడు. తట్ట ఇంకా పాప వైపే వంగి ఉంది. మరోటి వేస్తే గాని ముల్లు నిలవలేదు. పట్టు తూకం అబద్ధమాడదన్న ఆయన మాటను ఈసారి ఎవరూ అనాల్సిన అవసరం లేకపోయింది.

గుమ్మంలో వీధి ఆడవాళ్లు చేరారు. ఈశ్వరమ్మ వాళ్లవైపు తిరిగి చేతులు తిప్పుతూ చెప్పింది.

"మా కోడలికి పాలకేం కరువు? పిల్లనే నిద్రమొద్దు."

మంజులకు పాలు లేవని వీధంతా చాటిన నోరే ఆ మాట అంది. మంజుల కండెలు చుడుతూనే నవ్వింది. ఆ ఇంట్లో ఆమె గట్టిగా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ వారంలోనే పాలడబ్బా మూత తీయకుండా తెచ్చిన కొట్టుకే తిరిగి వెళ్లింది.

ఆ నెల సెక్టారు సమావేశంలో టీచర్లందరి చేతా ఒక ప్రశ్న మాన్పించాను. "ఏడ్చినప్పుడల్లా పాలిస్తున్నావా" అని అడగొద్దు. "పొద్దున్నుంచి ఇప్పటిదాకా ఎప్పుడెప్పుడు ఇచ్చావు" అని అడగండి. మా పిల్ల ఏడవనే ఏడవదని ఏ ఇంట్లోనైనా గొప్పగా చెబితే అక్కడే కూచోండి, పాలు తాగడం చూసి లేవండి, తొట్టెల తాడు రెండో కొస ఎక్కడుందో చూడండి అన్నాను. రిటైరయ్యేదాకా నేనూ అదే చేశాను. ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో రొట్టెలు తిన్నాను.

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. పెద్దవాళ్ల విషయంలో అది నిజమే కావచ్చు. మూడు నెలల పిల్ల విషయంలో మాత్రం అడగకపోయినా లేపి పెట్టాలి.